రెండు అపెండిక్సుల మనిషి

మా గ్రీకు ద్వీపంలో మగబిడ్డకు తాత పేరు పెడతారు. నలుగురు అన్నదమ్ములుంటే నలుగురి పెద్దకొడుకులకూ ఒకటే పేరు, ఒకటే ఇంటిపేరు. దీన్ని సంప్రదాయమని మురిసిపోయేవాళ్లు ఆరోగ్యకేంద్రం కౌంటరులో ఒక పూట కూర్చుని చూడాలి. అక్కడ కూర్చునేది కల్లిరోయి. వోలోస్ పట్నం నుంచి మా ఊరికి కోడలిగా వచ్చి ఏడాదైంది.

పాత గుమాస్తా ఆమెకు ఎక్సెల్ పట్టికలు అప్పగించి రిటైరయ్యాడు. రోగి వచ్చిన ప్రతిసారీ ఒక వరుస. చివరి గడిలో వెక్కిరింపు పేరు: నత్తగుల్ల, తుఫాను, ఎండుచేప. ఊళ్లో మనుషుల్ని గుర్తుపట్టేది ఆ పేర్లతోనే. కానీ ఎవరి వెక్కిరింపు పేరూ వాళ్ల ముఖాన అనరు. అంటే తరతరాలు మాటలుండవు.

కల్లిరోయి సొంతంగా నేర్చుకుని డేటాబేస్ తయారుచేసింది. మనుషులకొక పట్టిక, అందులో మనిషికి ఒకే వరుస, ఒక నంబరు. వైద్యానికి వేరే పట్టిక, అందులో ఆ నంబరు మాత్రమే. బీమా నంబరు పాత వరుసల్లో చాలావాటికి లేదు. అందుకని పేరు, ఇంటిపేరు, తండ్రిపేరు కలిస్తే ఒకే మనిషి అనుకుంది. వివరాలు పొసగనిచోట చివరగా రాసింది ఉంచింది. రోగి చేతికిచ్చే కాగితం మీద అచ్చయితే గొడవని వెక్కిరింపు పేర్లు తీసేసింది. మర్యాద కోసం చేసిన పని.

సోమవారం నుంచి డాక్టరు ఆర్గిరిస్ కొత్తదే వాడుతున్నాడు. గురువారం పొద్దున పక్కగదిలోంచి నర్సు జంబెత కేకేసింది.

"కల్లిరోయీ, మీనాస్ కంపురిస్. తండ్రి యానిస్. పెనిసిలిన్ పడుతుందా?"

"ఇబ్బందేం లేదని ఉందక్కా."

అనేసి, చెయ్యి ఊరుకోక తెరను కిందికి జరిపింది. మీనాస్‌కు రోడ్స్ దీవి ఆసుపత్రిలో అపెండిక్స్ తీశారు. నాలుగేళ్ల తర్వాత అదే ఆసుపత్రిలో మళ్లీ అపెండిక్స్ తీశారు.

కల్లిరోయి గబగబా పాత పట్టిక తెరిచింది. మీనాస్‌లు ఇద్దరు. వేరువేరు యానిస్‌ల కొడుకులు. తుఫాను: మందులన్నీ పడతాయి. నత్తగుల్ల: పెనిసిలిన్ ప్రాణాంతకం.

"అక్కా, ఆగు. సూది వెయ్యకు."

లోపల మీనాస్ చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాడు. లంగరు కోసిన కాలు వాచి ఉంది. సూది అప్పటికే జంబెత చేతిలో ఉంది.

"మామా, మీకు అపెండిక్స్ ఎప్పుడు తీశారు?"

"మా గాడిద చచ్చిన ఏడు."

"ఏ మందైనా పడకపోవడం..."

"నాకేం తెలుసమ్మా? రాసుకునేది మీరు. ఏం, పోతున్నానా?"

తలుపు తెరిచే ఉంది. బయట బెంచీల మీద ఊరు చెవులు రిక్కించింది. కల్లిరోయికి ఇంకో దారి కనబడలేదు.

"అక్కా, ఈయన తుఫానా, నత్తగుల్లా?"

బెంచీల మీద అందరూ తలుపు వైపు తిరిగారు.

"ఎవరే నత్తగుల్ల?" అన్నాడు మీనాస్.

జంబెత సూదిని ట్రేలో పెట్టింది. అతని వైపు చూడకుండా, "నువ్వే మామా," అంది. "కాఫీ కొట్లో కుర్చీ పట్టుకుంటే రాతికి అతుక్కున్నట్టు వదలవు కదా."

"ఎప్పట్నుంచి?"

"నా పెళ్లికి ముందు నుంచి."

అతను మడిచిన చెయ్యి మెల్లగా దించుకున్నాడు. వేరే మందిచ్చారు. తీసుకున్నాడు, కల్లిరోయితో మాట్లాడలేదు. ఇకపైన మాట్లాడతాడని నేననుకోను.

ఆమె డాక్టరు గదికి వెళ్లింది. "కొత్తది ఆపేయండి."

"మళ్లీ ఆ చెత్తలోకా?"

"ఆ చెత్తలోకే. సోమవారం నుంచి ఎవరెవరికి ఏమిచ్చారో చెప్పండి ముందు."

డాక్టరు ఆమె ముఖం చూసి కలం కింద పెట్టాడు.

కౌంటరుకు తిరిగొచ్చి, ఒకే మనిషికి రెండుసార్లు జరగలేనివన్నీ వెతకమని కంప్యూటరుకు చెప్పింది. తెర మీద ఇంకెవరి పేరూ రాలేదు. అదే ఆమెను భయపెట్టింది. పట్టికలో ఇలా ఇద్దరు ఒకరైపోయిన వాళ్లందరికీ అపెండిక్స్ తీసి ఉండరు కదా.