మగ్గం పేరుకు గడప కట్టబోయిన మా చిన్నాయన

పూజకు దీపపు కుందుల్లో నూనె పోస్తుండగా ఫోను మోగింది. చిన్నాయన పేరే కనిపించింది. ఎత్తితే పరాయి గొంతు. "అమ్మా, నేను పులివెందుల బస్సు కండక్టరును. ఈ పెద్దాయన నీకేమైతాడు?" మా చిన్నాయన అని చెప్పాను. ముద్దనూరు దాటిన తరువాత కిటికీకి తల ఆనించుకుంటే నిద్రపోతున్నాడనుకున్నారట. పొద్దున నా చేతి జొన్నరొట్టె తిని, "మాపటికి వస్తా అమ్మీ" అని వెళ్ళిన మనిషి, మూడు ఊళ్ళ చేనేత సంఘాలకు ఉమ్మడి కార్యదర్శి ఓబులేసు, ఆ కిటికీ పక్కనే పరమపదించాడు. చేతిలోని కుంది జారిపడింది. నూనె మరక ఇప్పటికీ గచ్చు మీద ఉంది.

బస్సును నీడకు ఆపించిన ఆ కండక్టరును, తన కొంగుతో ఆయన ముఖం తుడిచిన ముందు సీటు తల్లిని ఆ స్వామి చల్లగా చూడాలి. కృతజ్ఞత చెప్పుకోవలసిన వాళ్ళ పేర్లు నాకు తెలియవు. పేర్లు తెలిసిన వాళ్ళకు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

నన్ను బడికి పంపలేదు. మా నాయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటే, గుంట గట్టు మీద ఇసుక పోసి చిన్నాయన నాకు అక్షరాలు దిద్దించాడు. తెలుగు అయ్యాక ఇంగ్లీషు, ఆ తరువాత సంఘం పాత కంప్యూటరు మీద టైపు. గురుత్వం ఆయనకు సహజాలంకారం. మాధుర్యం మాత్రం ఏ కోశానా లేదు. తప్పు చదివితే మొట్టికాయ, అర్థం కాకుండానే తలూపితే రెండు. "అర్థం కాకుంటే కాలేదని చెప్పు. తలూపినావంటే నిన్ను నువ్వే మోసం చేసుకుంటాండావు" అనేవాడు. ఆ మొట్టికాయల ఋణం ఏ జన్మకూ తీరదు.

ఆయన కోపిష్ఠి. ప్రొద్దుటూరులో ఆయన తిట్టని వ్యాపారి లేడు. ఒకసారి ఒకాయన మరమగ్గం చీరల మూటతో సంఘానికి వచ్చి, వాటికి చేనేత ముద్ర వేయించమని అడిగాడు. చిన్నాయన చీర అంచును వేళ్ళ మధ్య నలిపి, "ఇది మిషను కన్న బిడ్డప్పా. నాయన పేరు కాడ నా పేరు రాయమంటావా?" అన్నాడు. వచ్చినాయన నవ్వేశాడు. చిన్నాయన నవ్వలేదు. మూట వీధిలో పడింది.

ఆ మూటే కొన్నాళ్ళకు ఇంటర్నెట్టులో తేలింది. మా మూడు ఊళ్ళ పేర్లు చెప్పుకుని, అసలైన చేనేత అని ఎవరో మరమగ్గం చీరలు అమ్ముతున్నారు. చిన్నాయన ఒకటి తెప్పించి చూసి, దానిని కోపంతో సంఘం గుమ్మానికి వేలాడదీశాడు. ఎవరిని అడిగినా, ఇంటర్నెట్టులో పేరు ఎవరైనా తీసుకోవచ్చు, అడ్డుకోలేం అన్నారు. అప్పుడే ఆయనకు ఒక సంగతి తెలిసింది. డాట్ కామ్ అంటామే, అందులో డాట్ తరువాత వచ్చే మాట వంటి కొత్త మాటలను నడుపుకోవడానికి ప్రపంచంలోని సంస్థలు దరఖాస్తు చేసుకునే అవకాశం చాలా ఏళ్ళకు మళ్ళీ వచ్చింది. తెలుగు లిపిలోనూ పెట్టుకోవచ్చు. చిన్నాయన కోరుకున్న మాట 'డాట్ మగ్గం'.

"పేరు కొనుక్కునేదానికి ఇంత అర్జీనా చిన్నాయనా?" అని అడిగాను.

"పేరు కొనేది కాదు అమ్మీ. పేర్లిచ్చే కచేరీ పెట్టేది. ఊరు కట్టి, దానికి గడప పెట్టి, ఎవడు లోపలికి రావాల్నో మనమే చూసుకునేది."

ఆ కచేరీ అంత తేలికగా రాదు. ఒంటరి మనిషి అడిగితే ఇవ్వరు, చట్టబద్ధమైన సంస్థ కావాలి. పదవుల్లో ఉన్నవాళ్ళ పూర్వచరిత్ర పరిశీలిస్తారు. రుసుము వింటే గుండె ఆగుతుంది. పేద సంస్థలకు రాయితీ ఉందని తెలుసుకుని చిన్నాయన దానికి ముందే అర్జీ పెట్టి సాధించాడు. యంత్రాల పని చూడటానికి, వాళ్ళ పరీక్షలో నెగ్గిన కంపెనీని కుదుర్చుకున్నాడు. అన్నిటికన్నా ముఖ్యం, దరఖాస్తులు రెండు రకాలు. స్తోమత ఉన్న ఏ సంస్థయినా పెట్టుకునేది మామూలు దరఖాస్తు. ఒక సమూహం తరఫున పెట్టేది రెండవది. అందులో పేరు ఎవరికి ఇస్తాం, ఎవరికి ఇవ్వం అన్న నియమం రాయాలి, ఆ సమూహంలోని సంఘాలు రాతపూర్వకంగా మద్దతు తెలపాలి. చిన్నాయన రెండవదే పట్టుకున్నాడు. "చేతిమగ్గం మీద నేసినవాళ్ళకు మాత్రమే" అన్న ఆ ఒక్క నియమం కోసమే ఆయన ప్రాణం పెట్టాడు. ఈ మాటను అలంకారంగా రాయడం లేదు.

ప్రొద్దుటూరులో మూడు సంఘాల పెద్దలనూ కూర్చోబెట్టాడు. మా సంఘాల్లో తీర్మానానికి చేతులెత్తరు, సంతకాలు చేయరు. పళ్ళెంలో ఆకూ వక్కా పెట్టి తిప్పుతారు. తీసుకున్నవాడు మాట ఇచ్చినట్టు. ఇష్టం లేనివాడు పళ్ళేన్ని పక్కవాడికి జరుపుతాడు. ఇచ్చిన మాటను మళ్ళీ అడగడం తిట్టుతో సమానం. ఆ రోజు అందరూ తీసుకున్నారు. ఉమ్మడి సంఘం అధ్యక్షుడు అందరికంటే ముందు తీసుకుని, సున్నం కూడా అడిగి రాసుకుని, నమిలాడు. ఆయన పేరు రాయను. ఈ వ్యాసం చిన్నాయనది.

దరఖాస్తు పనికి సాయపడే బెంగుళూరు సలహాదారుడు ఫోనులో మద్దతు లేఖలు అడిగాడు.

"అందరూ ఆకు వక్క తీసుకున్యారని రాయప్పా" అన్నాడు చిన్నాయన.

"ఆకు వక్కను అప్‌లోడ్ చేయలేం సార్. సంతకాలు కావాలి."

చిన్నాయన ఫోను పెట్టేశాడు. నేను ఊరుకోలేదు. "పోయి అడుగు చిన్నాయనా, సిగ్గెందుకు?" అన్నాను.

"సిగ్గు నాది కాదు అమ్మీ. వాళ్ళది తీయమంటాండావు."

ఇక్కడే ఆయన మీద నాకు ఈనాటికీ కోపం. మాటకు ఇంత విలువ ఇచ్చే మనిషి, మాట నమిలి ఊసేసే వాళ్ళ మధ్య బతుకుతున్నానని గ్రహించలేదు. గడువు కరిగిపోతోంది. అధ్యక్షుడు మా ఇంటికే వచ్చి, అరుగు మీద కూర్చుని, నా చేతి మజ్జిగ తాగి మరీ అన్నాడు: "ఓబులేసప్పా, ఆ గడప తీసేయి. మామూలు అర్జీ పెడదాం. దుడ్లిచ్చినోడికి పేరిద్దాం. మరమగ్గపోడు మాత్రం నెయ్యడా? రుసుమంతా నేను చూసుకుంటా."

"అట్లయితే దానికి మగ్గమని పేరెందుకు? సంత అని పెట్టుకోపో" అన్నాడు చిన్నాయన. గ్లాసు తీసి లోపల పెట్టమని నాతో చెప్పాడు. మర్యాద ముగిసిందని దాని అర్థం.

ఆ తరువాతే కదిలాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు సంఘాల వాళ్ళు ముఖం ముడుచుకునే లేఖలు ఇచ్చారు. పులివెందుల మిగిలింది. అక్కడి పెద్ద గంగయ్య మామ, చిన్నాయనకు చిన్ననాటి స్నేహితుడు. ఆ ఎండలో అక్కడికే వెళ్ళి, తిరుగు బస్సులో పోయాడు.

ఏం జరిగిందో గంగయ్య మామే శవం కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాడు. "ఆకు తీసుకున్నా గదరా, మళ్ళా కాగితమేంది, నా నోటికి విలువ లేదా అని అరిచినా అమ్మీ. వాడు నీళ్ళు తాగి లేసిపాయె." ఆయన ఏడుస్తున్నాడు. ఓదార్చడం ధర్మమని తెలుసు. నాకు చేతకాలేదు.

కర్మలు ముగిశాక సంఘం సంతాపసభ పెట్టింది. చిన్నాయన బొమ్మకు నిలువెత్తు దండ. అధ్యక్షుడు మైకులో గొంతు వణికించాడు: "ఓబులేసన్న ఆశయం చచ్చిపోదు! డాట్ మగ్గం తెస్తాం! మొదటి పేజీలో ఆయన బొమ్మ పెడతాం!" చప్పట్లు. తరువాత గొంతు తగ్గించి, పులివెందుల లేఖ లేదు కనుక మామూలు దరఖాస్తే పెడుతున్నామనీ, పేరు అందరికీ ఇస్తామనీ, దీనిని ఓబులేసు స్మారకమని కుటుంబం సమ్మతితో ప్రకటిస్తామనీ అన్నాడు. చిన్నమ్మా, మా నాయనా ఏనాడో పోయారు, చిన్నాయనకు బిడ్డలు లేరు. కుటుంబమంటే నేనే.

పళ్ళెం వచ్చింది. సంతాపసభలో తాంబూలం ఏమిటని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. "తీర్మానం గదమ్మా, ఆనవాయితీ" అన్నాడు అధ్యక్షుడు. ఆనవాయితీ ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది.

ఎవరు తాంబూలమిచ్చినా కళ్ళకద్దుకుని తీసుకోవడమే నాకు తెలుసు. దానిని కాదంటే లక్ష్మిని కాదన్నట్టేనని నమ్మేదాన్ని, ఇప్పటికీ నమ్ముతాను. ఆ స్వామిని తలుచుకుని పళ్ళేన్ని పక్కకు జరిపాను.

పక్కన గంగయ్య మామ. ఆకు చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. "కాగితం తే అమ్మీ, ఇప్పుడు రాస్తా" అన్నాడు.

"అడిగినోడు లేడు మామా" అన్నాను.

మా ఇద్దరి తరువాత పళ్ళెం అందరి దగ్గరికీ వెళ్ళింది, ఖాళీగా తిరిగి వచ్చింది. వాళ్ళ దరఖాస్తు వెళ్ళిపోయింది. దరఖాస్తులు లోకానికి చూపించి అభ్యంతరాలు వినే గడువు ఒకటి ఉంటుందని చిన్నాయనే నాకు నేర్పాడు. అది తెరిచిన రోజు గంగయ్య మామకు కాగితం ఇస్తాను. ఆయన చెబుతాడు, నేను టైపు చేస్తాను. గెలుస్తామో లేదో తెలియదు; మా దగ్గర ఓబులేసు లేడు, అటువంటి వాడు మళ్ళీ దొరకడు.

అందాకా ఒక మాట. డాట్ మగ్గం అనే గుమ్మం మీద మా చిన్నాయన బొమ్మ కనిపిస్తే, అది మేము ఇచ్చినది కాదని తెలుసుకోండి. నాకు అక్షరమిచ్చిన ఆ మహనీయుడికి, ఆ పళ్ళెంలోని ఆకు ముట్టని చేతులతోనే నమస్కరిస్తున్నాను.