నాయనమ్మ పొయ్యి, బుల్లయ్య గారి దగ్గు

గుంటూరు గాలిని పాడుచేస్తున్నది మా నాయనమ్మ సుబ్బరావమ్మ అని మొట్టమొదట కనిపెట్టినవారు బుల్లయ్య గారు. అంతవరకూ ఈ సంగతి ఎవరికీ తెలియదు. బుల్లయ్య గారికి పత్తి మిల్లు ఉంది. పత్తి మోసే లారీలున్నాయి. కరెంటు పోతే వీధంతా అదిరేలా మోగే జనరేటరు ఉంది. వీధి చివర పాలబూత్‌కు వెళ్ళడానికి కూడా కారు ఉంది. ఇన్ని ఉన్న మనిషికి గాలి ఎక్కడ చెడుతోందో తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఒకరోజు ఆయన వాకిట్లో నిలబడి చుట్టూ చూశారు. ఎదురుగా మా అరుగు మీద దోసెల పొయ్యిలోంచి పొగ లేస్తోంది. దొంగ దొరికింది.

నాయనమ్మది వినుకొండ అవతల మెట్టపల్లె. పెళ్ళయి గుంటూరు వచ్చిన దగ్గర్నుంచీ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళింది. పొద్దస్తమానం మిరపకాయల గుట్ట ముందు కూర్చునే పని. ఆ చేతులతో ఎవరి బుగ్గ నిమిరినా వాళ్ళు ఏడ్చేవారు. మా నాన్న చిన్నప్పుడు తల్లి ముద్దు చేయబోతే మంచం కిందికి దూరేవాడట. అన్నేళ్ళ పనితో ఆవిడ ముక్కూ గొంతూ రాటుదేలిపోయాయి. ఇంట్లో అందరం పోపు ఘాటుకి ఉక్కిరిబిక్కిరవుతుంటే, తను తీరిగ్గా చూసి, “ఏందే, అందరికీ ఒకేసారి పడిశం పట్టింది?” అని అడిగేది.

దీనివల్ల ఆవిడకి ఒక్కటే ఇబ్బంది. దిష్టి తీసేటప్పుడు ఎండుమిరపకాయలూ రాళ్ళుప్పూ మనిషి చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తారు కదా. ఘాటొచ్చి దగ్గితే దిష్టి లేనట్టు, ఘాటు రాకపోతే గట్టిగా తగిలినట్టు. మరి ఘాటు తెలియని ముక్కుతో ఆవిడ ఎలా తేల్చుకుంటుంది? అందుకని మమ్మల్ని పొయ్యి పక్కన నిలబెట్టేది. మా దగ్గే ఆవిడకి లెక్క. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి ఇంట్లో జాకెట్లు కుట్టుకునే నాకు, ఆవిడ ఇచ్చిన ఉద్యోగం ఇదే.

నడుం పట్టేశాక మిరపకాయల పని మానేసి అరుగు మీద దోసెల కొట్టు పెట్టింది. పత్తికంప మంట మీద మూకుడంత పెనం. లారీ డ్రైవర్లు, ట్యూషన్ పిల్లలు, మార్కెట్‌కు మిరపకాయలు తెచ్చిన రైతులు వచ్చేవారు. బతకడానికి ఆ కొట్టు అక్కర్లేదు, నాన్న జీతం సరిపోతుంది. అది ఆవిడ పీఠం. తెల్లారేసరికి దాని మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్ళ పెళ్ళిళ్ళూ తగాదాలూ తేల్చేది. కొట్టు లేకపోతే వెనకగదిలో కూర్చుని మా అమ్మ చేసిన ఉప్మా తినాలి. మా అమ్మ ఉప్మా గురించి నేనేమీ అనను. గోడకి పోస్టరు అంటించాలంటే మాత్రం ఎదురింటివాళ్ళు దానికోసం వచ్చేవారు.

అది రెండువేల ఎనిమిది. బుల్లయ్య గారు పెద్దమనుషుల్ని పోగుచేసి గాలి రక్షణ సంఘం పెట్టారు. మా నాలుగు వీధుల్లో కార్బన్ తగ్గించి, ఊరికంతటికీ దారి చూపిస్తారట. మొదటి సమావేశం ఆయన డాబా మీద ఏసీ గదిలో జరిగింది. పొగపొయ్యిలన్నీ తీసేయించాలని తీర్మానించారు. తర్వాత ఆయనే మా అరుగు దగ్గరికి వచ్చారు.

“సుబ్బరావమ్మా, నీ పొయ్యి వల్ల లోకం వేడెక్కుతోంది.”

“గుంటూరు కంటేనా బాబూ?” అంది నాయనమ్మ, దోసె తిరగేస్తూ.

“నవ్వులాట కాదు. పొగ పైకి పోయి అక్కడ దుప్పటిలా పరుచుకుంటది. వేడంతా కిందే ఉండిపోద్ది.”

“మీ లారీ పొగ ఎటు పోద్ది?”

“అది వ్యాపారం.”

“ఇది దోసె.”

లారీలకీ దోసెకీ తేడా బుల్లయ్య గారికి స్పష్టంగా తెలుసు, చెప్పే తీరికే లేదు. “నెలాఖర్లో పై ఆఫీసు నుంచి తనిఖీకి వస్తారు. పొగలేని పొయ్యి పెట్టుకుంటే కొట్టు ఉంటది. వాళ్ళొచ్చేసరికి వంటచేసే చోట పొగ కనపడిందా, కొట్టు ఎత్తేస్తారు. నేను రాయించాను,” అని వెళ్ళిపోయారు. రెండు దోసెలు పొట్లం కట్టించుకునే వెళ్ళారు.

ఆ మధ్యాహ్నం అమ్మ నాయనమ్మకి కంచంలో ఉప్మా పెట్టింది. నాయనమ్మ దాన్ని చాలాసేపు చూసింది. “ఒసేయ్ భవ్యా, ఆ పొగలేని పొయ్యి ఎవరు కడతారో కనుక్కోవే,” అంది నాతో.

కట్టడానికి వచ్చినవాడు చైతన్యకృష్ణ అనే కుర్ర ఇంజనీరు. సంఘం తరఫున వచ్చాడు. అరుగు మీద పొయ్యి పనికిరాదన్నాడు. వీధి వైపు గదిలో మట్టీ ఇటుకా పెట్టి పొయ్యి కట్టాడు. పొగంతా లాక్కుపోయే ఇనుపగొట్టం పెట్టాడు. అది డాబా దాటి పైకి పోవాలట. కానీ సంఘం కొనిపెట్టిన గొట్టం పొట్టిది. పెద్దమనుషులు రంగు సంగతి చర్చించినంత సేపు పొడవు సంగతి చర్చించలేదు. అందుకని దాన్ని వంచి పక్కగోడలోంచి సందులోకి, మనిషి తల కాస్త పైన, బయటికి వదిలాడు. మాది మలుపు ఇల్లు. కిటికీ, గుమ్మం పెద్దవీధిలోకి ఉంటాయి, గొట్టం మూతి సందులోకి ఉంటుంది.

“ఇక లోపల పొగే ఉండదు మామ్మగారూ,” అన్నాడు.

“పొగ లేకపోతే దోసెకి రుచేముంటదయ్యా?”

“లోకానికి మంచిది కదండీ.”

“లోకం తింటదా దోసె?”

అయినా ఒప్పుకుంది. పొయ్యి నిజంగానే బాగా పనిచేసింది. కంప తక్కువ పట్టింది, కళ్ళు మండలేదు. గదిలో కూర్చుని కిటికీలోంచి దోసెలు అందిస్తుంటే టికెట్లిచ్చే గుమాస్తాలా ఉండేది. పక్కింటి షాజాదీ, నాయనమ్మతో కలిసి ఒకప్పుడు తొడిమలు తీసిన ఆవిడ, రోజూ వచ్చి మెచ్చుకుని, “నీకేమక్కా, ఇంజనీర్లు పొయ్యి కట్టారు,” అని నిట్టూర్చేది. నాయనమ్మకి అక్కడే భయం పట్టుకుంది. ఇంతమంది మెచ్చుకుంటే పొయ్యికి దిష్టి తగలదా?

తనిఖీకి ముందురోజు సంఘం వాళ్ళు మలుపులో ఫ్లెక్సీ కట్టారు. అందులో సగం బుల్లయ్య గారు, పావు సంఘం సభ్యులు, మూలన మా నాయనమ్మ. కింద ‘పొగ మానిన తల్లి’ అని రాయించారు. చూసినవాళ్ళు ఆవిడేదో చుట్ట మానేసిందనుకున్నారు. నాయనమ్మ మాత్రం తన బొమ్మ చూసుకుని గుండె మీద చెయ్యేసుకుంది.

“ఇంత పెద్ద బొమ్మా? ఊరి కళ్ళన్నీ నా మీదేనంటే ఇక ఆ పొయ్యి నిలుస్తదా?”

తనిఖీ రోజు పొద్దున్నే షామియానా వేశారు. పెద్దవీధిలో వేస్తే బుల్లయ్య గారి పత్తి లారీలకి అడ్డమని, సందులో వేశారు. గాలిని కాపాడే సభకి మైకు కావాలి కాబట్టి జనరేటరు తెచ్చారు. పై ఆఫీసు నుంచి హారిక గారనే ఆఫీసరు వచ్చారు. ఉపన్యాసాలయ్యాక లోపలికొచ్చి పొయ్యి చూస్తారని కబురొచ్చింది.

ఆ కబురు వినగానే నాయనమ్మ తలుపు దగ్గరకి వేసింది. గుప్పెడు మిరపకాయలూ ఉప్పూ తీసుకుని పొయ్యికే దిష్టి తీయడం మొదలెట్టింది. నేను, అమ్మ, షాజాదీ పక్కన నిలబడ్డాం.

“సంఘం వాళ్ళ దిష్టి, కార్లో వాళ్ళ దిష్టి, ఫ్లెక్సీ చూసినోళ్ళ దిష్టి, రెండు తిని ఒకటన్నోళ్ళ దిష్టి, నా కోడలి దిష్టి...”

“నేనేం చేశానత్తయ్యా?” అంది అమ్మ.

“వరసలో వచ్చావులే. కదలమాక.”

పొయ్యిలో పడేసి మా మొహాలు చూసింది. మిరపకాయలు చిటపటలాడాయి. ఎవరమూ దగ్గలేదు. ఉప్పు పేలింది. దగ్గలేదు. నాయనమ్మ మొహం పాలిపోయింది.

“దగ్గవేమే?”

“రావట్లేదు నాయనమ్మా.”

“షాజాదీ, నీకు?”

షాజాదీ గట్టిగా పీల్చి చూసింది. “అస్సలు లేదక్కా. గుడిలో ఉన్నట్టుంది, మసీదులో ఉన్నట్టుంది.”

“అయ్యో, ఎంత దిష్టి,” అంది నాయనమ్మ. ఆవిడ అట్లా భయపడటం నేనప్పుడే చూశాను. కొట్టు పోయినట్టే, ఉప్మా వచ్చినట్టే అని ఆ కళ్ళలో కనపడుతోంది. “చిన్న కాయలు చాలవే. అటక మీద సంచి దించు.”

“నాయనమ్మా, ఘాటు గొట్టంలోంచి బయటికి పోతోందేమో,” అన్నాను.

“గొట్టంలో పోయేది పొగ. ఘాటెందుకు పోద్దే? ఎనిమిదో తరగతి చదివినదానివి ఇంజనీరుకు చెప్తావా? దించు.”

దించాను. అటక మీద సంచిలో ఉన్నవి, ఆవిడ పనిచేసిన రోజుల్లో మిర్చి కొట్టు యజమాని పండక్కి ఇచ్చినలాంటి మామూలు కాయలు కావు. పచ్చడికి ఏరి దాచుకున్నవి, ఒక్కటి కొరికితే మధ్యాహ్నం దాకా మాట రానివి. వాటిని చేటతో పోసింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ మా మొహాలు చూసింది. మేం హాయిగా ఊపిరి పీలుస్తున్నాం. ఇంకో చేటడు వేసింది.

సందులో మైకులో బుల్లయ్య గారి గొంతు వినిపిస్తోంది. “ఈరోజు మన వీధిలో మీరు పీలుస్తున్న గాలి ఒక్కసారి గమనించండి. గుండెల నిండా పీల్చండి. ఇంత స్వచ్ఛమైన...” ఆ తర్వాత మైకులోంచి దగ్గు వచ్చింది. జనరేటరు కంటే గట్టిగా వచ్చింది. ఆపైన కుర్చీలు కిందపడిన చప్పుడు, “నీళ్ళు, నీళ్ళు” అన్న కేకలు వినిపించాయి.

“వాళ్ళకేమైందే?” అంది నాయనమ్మ, మంట ఎగదోస్తూ.

అంతలో తలుపు తోసుకుని జనం వచ్చారు. ముందు హారిక గారు, కళ్ళ మీద కొంగు. వెనక సంఘం సభ్యులు. అందరి వెనకా ఇద్దరు పట్టుకుంటే బుల్లయ్య గారు, చొక్కా మీద గంధం, ముక్కు నుంచి నీళ్ళు. మా గదిలోకి రాగానే ఒక్కొక్కరే ఆగి, ఊపిరి పీల్చి, ప్రాణం లేచొచ్చినట్టు నిలబడ్డారు. ఆ వీధిలో మనిషి ఊపిరి తీసుకోగల చోటు అదొక్కటే. నాయనమ్మ అందరినీ పీటలేసి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. పనిలో పనిగా పెనం ఎక్కించింది.

“బయట ఏమిటమ్మా ఆ ఘాటు?” అని అడిగారు హారిక గారు.

“గుంటూరు కదమ్మా,” అంది నాయనమ్మ, నిజంగా అంతేననుకుని. “మిర్చి యార్డు వైపు గాలి తిరిగుంటది.”

అందరూ తలలూపారు. గుంటూరులో ఎవరికి ముక్కు మండినా యార్డు ఉంది తప్పు మోయడానికి. చైతన్యకృష్ణ ఒక్కడే పొయ్యి వైపు చూశాడు, గొట్టం వైపు చూశాడు, మాడిన తొడిమ ఒకటి బూడిదలోంచి కర్రతో ఏరి మళ్ళీ బూడిదలోకి తోసేశాడు. నా వంక చూశాడు. నేను దోసె వంక చూశాను. అతని పొయ్యికి కూడా ఆరోజే పరీక్ష.

హారిక గారు గది నాలుగు మూలలూ తిరిగారు. “ఇంత స్వచ్ఛమైన గాలి ఈ ఊళ్ళో ఇంకెక్కడా చూడలేదు,” అన్నారు. ఈ కొట్టుకు ఎవరూ అడ్డురాకూడదని సంఘానికి అక్కడికక్కడే చెప్పారు. బుల్లయ్య గారు తల ఊపారు. మాట ఇంకా రావడంలేదు. నోట్లో దోసె కూడా ఉంది.

అందరూ వెళ్ళాక అమ్మ అలవాటుగా ఉప్మా కంచం తెచ్చింది. నాయనమ్మ దాన్ని మర్యాదగా పక్కకి జరిపింది.

“దిష్టి పోయింది గనక కొట్టు నిలిచింది. చూశావా, ఆ రెండో చేటకి దిగింది,” అంది.

“మరి బుల్లయ్య గారు అంత దగ్గారేంటి నాయనమ్మా?”

“పాపం, పోయే దిష్టి ఎవరినో ఒకళ్ళని తాకుతూ పోద్ది. ఆయన మీదుగా పోయినట్టుంది. మనవల్లే గదా. ఊరుకుంటే పాపం.”

గాలి రక్షణ సంఘం ఆ తర్వాత మిర్చి యార్డునే ఊరవతలకి పంపించాలని తీర్మానం చేసి అలసిపోయింది. షామియానా కట్టిన గుంటలు మాత్రం సందులో ఉండిపోయాయి. నాయనమ్మ కిటికీ దగ్గర కూర్చుని దోసెలు వేస్తూనే ఉంది. అయితే ఆదివారం వస్తే ఆవిడకి ఇంకో పని ఉండేది. బుల్లయ్య గారు ఆరోగ్యం కోసం కారు మానేసి పొద్దున్నే మా సందులోంచి నడవడం మొదలెట్టారు. ఆయన మలుపు తిరుగుతుండగా నాయనమ్మ కిటికీలోంచి చూసి, ఆయన వైపు గుప్పెడు మిరపకాయలు తిప్పి, ప్రేమగా పొయ్యిలో వేసేది.

తర్వాత నా వైపు తిరిగేది. “దగ్గొచ్చిందే?”

“లేదు నాయనమ్మా.”

సందులోంచి బుల్లయ్య గారి దగ్గు వినిపించేది.

“ఇంకా వదల్లేదు పాపం ఆ మనిషిని,” అని ఇంకో గుప్పెడు తీసుకునేది.