రాజక్క రొట్టెలు

ఫోన్ల మొఖం కనవడొద్దని నేనొక తెలివి చేసిన. ఆ తెలివికి బొగ్గుబాయిల పనిచేసే మా ఆయన పేరే మారిపోయింది. ఎట్లనో చెప్త. నవ్వితే నవ్వుండ్రి గని మధ్యల ఆపకుండ్రి. నేను మాట్లాడేదే తక్కువ, ఆపితే మళ్ల మొదలువెట్టుడు నాతోని కాదు.

మాది గోదావరిఖని. కంపెనీ క్వార్టర్ల సందు మొదట్ల, మా ఇంటి ముంగటనే, పొద్దుగూకంగ జొన్నరొట్టెలు అమ్ముతం. ముందట ఒక బల్ల, బల్ల మీద రొట్టెల డబ్బ, పచ్చికారం గిన్నె. బల్ల వెనుక ఒక పరదా. బల్ల కాడ నిలవడి పొట్లాలు కట్టేది నేను. పరదా వెనుక పొయ్యి కాడ కూసునేది మా రాజయ్య.

అవును, రొట్టెలు చేసేది ఆయననే! మా అత్తకు ఆడపిల్లలు లేరు. అందరు కొడుకులే. అండ్ల చిన్నోడైన ఈయనను పొయ్యి కాడ కూసోవెట్టుకొని రొట్టె కొట్టుడు నేర్పింది. నాకు మణికట్టు నొప్పి మొదలైనంక, ఫస్టు షిఫ్టు చేసొచ్చి, తానం చేసి, ఒక కునుకు తీసి, ఆయననే కూసునుడు మొదలువెట్టిండు. పరదా కట్టుమన్నది గూడ ఆయననే. "బాయిల నాతోని పనిచేసెటోళ్లు చూస్తే ఇంకేమన్న ఉన్నదానే?" అన్నడు. తిన్నోళ్లు "అక్కా, నీ చెయ్యి మంచిది" అంటే నేను తల వంచుకొని నవ్వుత. సిగ్గుకు నోట్లె మాట రాదు. పరదా వెనుకకెళ్లి గూడ ఏ మాట రాదు. గట్ల నడిచిపోయింది.

ఈ మధ్య గిరాకి సప్పవడ్డది. రోడ్డుకు అవతల లైట్లు వెట్టి చపాతీ సెంటరు తెరిచిండ్రు. ఇటు చూస్తే ఆయన రిటైర్మెంటు దగ్గరికొస్తున్నది. రిటైరైనంక క్వార్టరు ఖాళీ చెయ్యాలె, కిరాయికి పోవాలె, అప్పుడు మాకు ఈ పొయ్యే ఆధారం. రాత్రి పండుకున్నా నాకు అదే ఫికరు.

గీ ముచ్చట మందమర్రిల ఉండే మా చెల్లె శ్రీలతతోని అన్న. అది ఫోన్ల వీడియోలు వెట్టి చీరెలు అమ్ముతది. ఆదివారం నాడు దిగింది.

"అక్కా, ఒక్క వీడియో చాలు. నువ్వు రొట్టె కొట్టుకుంట రెండు ముచ్చట్లు చెప్పు. జనం ఉరికొస్తరు."

"మొఖం చూపియ్యాల్నా?"

"మరి కాళ్లు చూపిస్తవా?"

"నాతోని కాదే."

"సరే తియ్యి, చేతులే తీస్త. చేతులకు గూడ సిగ్గుంటదా?"

ఉంటదని నాకప్పుడే ఎరుకైంది. ఫోను నా చేతుల మీదికి వంగంగనే వేళ్లు ముడుచుకున్నయ్. ఒక రొట్టె పలిగింది. ఇంకోటి చేస్తే అదీ పలిగింది. ఇంకోటి పెనం మీద ఎయ్యంగనే మడత వడి మూల్గింది. మా ఆయన చూసి చూసి, "జరుగు, పిండి ఖరాబు చేస్తున్నవ్" అని వచ్చి కూసున్నడు. ఆ చేతుల కింద రొట్టె చకచక గుండ్రంగ తిరుగుతుంటే చెల్లె కండ్లు పెద్దగైనయ్. "బావా, గట్లనే ఉండు! మొఖం రాదు. చేతులే వస్తయ్. ఎవలకేం తెలుస్తది?"

"బన్యను కనవడ్తది గదే" అన్నడు ఆయన.

ఇగో, ఇక్కడనే నా తెలివి పనిచేసింది! నేను ఆయన వెనుక నిలవడి, నా ఎర్రచీరె కొంగు ఆయన భుజం మీదికెళ్లి మోచెయ్యి దాంక కప్పిన. ఫోన్ల చూస్తే ఎర్ర కొంగు, రెండు చేతులు, పొంగే రొట్టె. అచ్చం ఆడమనిషే! "గట్టిగ మాట్లాడు అక్కా" అంటే, వెనుకకెళ్లి "వేడి వేడి రొట్టెలు, వచ్చి తినుండ్రి" అన్న. అటెన్క మంట ఎగిసేసరికి అలవాటుగ నోరు జారింది: "మెల్లగ, చెయ్యి గాల్తది."

అది గూడ అండ్ల వడ్డది.

తెల్లారి చెల్లె ఫోను. "అక్కా! వైరలైంది!" ఏందో రోగం అనుకున్న. లింకు పంపింది. కింద జనం రాసినయి ఒక్కొక్కటి కూడవలుక్కుంట చదివిన. నేను అయిదో తరగతి, మెల్లగ చదువుత. "ఈ తల్లి చేతులకు దండం." "కష్టం చేసిన ఆడోళ్ల చేతులు గిట్లనే ఉంటయ్." "అక్క రొట్టెతోని గూడ ప్రేమతోని మాట్లాడుతున్నది, చెయ్యి కాల్తదట!" ఒకాయన "అక్క చేతులు గింత పెద్దగున్నయేంది?" అని రాస్తే, పది మంది మీదవడి తిట్టిండ్రు.

నాకు నవ్వాగలేదు. మధ్యాహ్నం దాంక నవ్విన.

షిఫ్టు దిగి ఆయన వచ్చిండు. టిఫిన్ డబ్బ మూలకు కొట్టిండు. తానం గూడ చెయ్యలే. అడగంగ అడగంగ చెప్పిండు. పొద్దుగాల నెత్తి లైట్లిచ్చే లాంపు రూమ్ కాడ లైను కట్టినప్పుడు వాళ్ల తోటోడు సమ్మయ్య వెనుకకెళ్లి పిలిచిండట: "రాజక్కా, నాకు రెండు రొట్టెలు గట్టు!"

లైనంత నవ్విందట.

వాళ్లకెట్ల ఎరుకైందంటరా? మా ఆయన ఎడమ చెయ్యి మీద బొటనవేలు కాడికెళ్లి మణికట్టు దాంక నీలం గీత ఉంటది. బాయిల దెబ్బ తాకి బొగ్గుపొడి లోపల్నే ఉండి మానితే, తోలు కింద గట్ల నీలంగ మిగులుతది, ఇగ పోదు. పైన ఉన్నోళ్లు దాన్ని పచ్చబొట్టనుకుంటరు. దిగువల పనిచేసెటోళ్లకు గట్ల కాదు. ఆడ మొఖాలన్ని ఒక్క తీరుగ నల్లగుంటయ్. నెత్తి మీది లైటు వడేది చేతుల మీదనే. ఎవని చెయ్యేదో వాళ్లకు చీకట్ల గూడ ఎరుకే. నేను మొఖం దాసిన గని, వాళ్లు గుర్తువట్టేదాన్నే ఊరంతటికి చూపిచ్చిన!

"ఇయ్యాల్టి సంది నేను పొయ్యి కాడ కూసోను" అన్నడు. "రిటైరైనంక గూడ కూసోను. ఇంకేదన్న చూసుకుందాం." గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. ఆయన గట్ల అంటే అంతే. గిరాకి కోసం చేసిన పని పొయ్యినే ఆర్పింది గదా అని ఏడుపొచ్చింది.

ఆ పొద్దు సాయంత్రమే జనం ఎగవడ్డరు! బసంత్‌నగర్‌కెళ్లి ఒక కుటుంబం, నస్పూర్‌కెళ్లి బండ్ల మీద పిలగాండ్లు. "వీడియో అక్క ఏది? మా ముంగట చెయ్యాలె, మేము తీసుకుంటం." పరదా పక్కకు గుంజిండ్రు. నేనే కూసున్న. ఇంక ఎవలున్నరు? ఒక రొట్టె కొట్టిన. పటం మీద మన తెలంగాణ లెక్క వచ్చింది. ఇంకోటి కొట్టిన, అది ఏ రాష్ట్రమో నాకే తెల్వలే. బసంత్‌నగరామె నా చేతుల దిక్కే చూస్తున్నది. "ఆ చేతులు ఇవి కావు" అన్నది. వెనుకకెళ్లి ఎవలో "మోసం! వేరెటోళ్లతోని చేపిచ్చి ఈమె పేరు వెట్టుకున్నది" అన్నరు. అన్నదెవలో కనవడలే గని, తల ఎత్తి చూస్తే గుంపుల సమ్మయ్య ఉన్నడు. బాయిల పనిచేసెటోళ్లు ఇంకిద్దరు గూడ ఉన్నరు, రాజక్కను చూస్తందుకు వచ్చినట్టున్నరు.

లేచి ఇంట్లకు ఉరుకుదామనిపించింది. గని ఉరికితే ఆ పొయ్యి ఇగ ఎన్నటికి వెలగదు. లేచి నిలవడ్డ. గింత మంది ముందట నేనెన్నడు మాట్లాడలే. "అవును, ఇవి కావు. ఆ చేతులు మా ఆయనయి" అన్న. గొంతు చిన్నగ మొదలై, ఎందుకో పెద్దగైంది. "ఇన్నేండ్లసంది మీరు తింటున్నయి అన్ని ఆయన చేసినయే. మీరందరు దండం వెట్టింది ఆ చేతులకే. కొంగొక్కటే నాది."

పిలగాండ్లు ఫోన్లు దించిండ్రు. మొదలు సమ్మయ్యనే నోరు తెరిచిండు, నవ్వుడు బందువెట్టి.

"ఓ వదినే! బాయిల రోజు నీ డబ్బలకెళ్లి రొట్టె గుంజుకొని తినుకుంట, వదిన చెయ్యి, వదిన చెయ్యి అని పొగిడిన గద. ఈయన పక్కనే కూసొని వినుకుంట ఒక్కనాడన్న నాదేనని అన్నడా? ఓ రాజన్నా! గింత కడుపుల ఎట్ల దాసుకున్నవే?"

సమ్మయ్య ఇంటి దిక్కు రెండడుగులేసిండు. మళ్ల పిలిచిండు, ఈసారి గూడ అక్క అనలే. "రాజన్నా, రాయే! ఆకలైతున్నది."

నిజం చెప్తే, ఈ మాటలకు ఆయన బయటికి రాలే. నేను నిలవడి మాట్లాడుతుంటే పెనం మీది రొట్టె మాడి పొగ లేచింది. ఆ వాసనకు వచ్చిండు! "ఎవలన్న చూస్తున్నరా లేదా! పెనం ఖరాబైతది" అని ఒర్లుకుంట వచ్చి, నన్ను జరిపి, కూసున్నడు. పిండి ముద్ద చేతుల వడంగనే ఆయన మొఖంల కోపం ఎటు పోయిందో! జనం ఫోన్లు మళ్ల లేచినయ్. ఆయన తల ఎత్తలే గని, పరదా మాత్రం మళ్ల గుంజుకోలే.

ఇప్పుడు మాకు గిరాకి మంచిగున్నది. సందు మొదట్ల ఎవలనడిగినా రాజక్క రొట్టెలని చెప్తరు. మొదట్ల ఆయనకు మంట లేసేది, ఇప్పుడు ఆయననే ఆ పేరు చెప్పుకుంటున్నడు. రొట్టె కొట్టుకుంట వచ్చినోళ్లతోని ఎన్ని ముచ్చట్లో! ఇంట్ల నాతోని మాట్లాడనియి గూడ వాళ్లతోని మాట్లాడుతున్నడు. ఇన్నేండ్లు ఆ పరదా వెనుక రొట్టెలే చేసిండనుకున్న. ముచ్చట్లు గూడ దాసిపెట్టుకున్నడని నాకేం తెలుసు?

మొన్న కొత్తగ వచ్చినాయన పొట్లం తీసుకుంట నా దిక్కు చూసి ఆయననడిగిండు. "అన్నా, గిరాకి పెరిగినట్టున్నది. పనికి ఈ అక్కను కొత్తగ పెట్టుకున్నవా?"

మా ఆయన పెనం మీదికెళ్లి తల ఎత్తకుంటనే అన్నడు. "ఆఁ. పని మంచిగనే చేస్తది. జెర సిగ్గెక్కువ."

నేను ఇంటామెనని చెప్దామని నోరు తెరిచిన. సిగ్గైంది. ఇంకో పచ్చికారం పొట్లం ఎక్కువేసి ఇచ్చిన.