తాటిపాక కెమెరా బాగానే ఉంది

నేనొక అబద్ధం చెప్పాను. చాలా ఏళ్ళయింది. అప్పట్నించీ దాన్ని మెడలో వేసుకుని తిరుగుతున్నాను, పెళ్ళిళ్ళకీ, ఓణీల ఫంక్షన్లకీ, గృహప్రవేశాలకీ. మాటవరసకి అనడం లేదు, నిజంగానే మెడలో వేసుకుని. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియక్కర్లేదు. అమలాపురంలో ఫొటో స్టూడియో ఉన్నవాణ్ణి అనుకోండి, చాలు. మొహం తెలిసినవాళ్ళకి చెప్పలేకే మీ దగ్గరికొచ్చాను.

సత్యవేణి నా స్టూడియోలో ఆల్బమ్‌లు డిజైన్ చేసేది. కొత్తపేట నుంచి రోజూ బస్సులో వచ్చేది. నా టేబుల్ పక్కనే ఆమె కంప్యూటర్. నేను తీసిన ఫొటోలు చూస్తూ వంకలు పెట్టేది. పెళ్ళికూతురి నగలు బాగా పడ్డాయి గానీ, భుజం మీద వేసిన అమ్మమ్మ చెయ్యి ఎందుకు కోసేశారండీ అనేది. మొదట్లో ఒళ్ళు మండేది. పదేళ్ళ నుంచి కెమెరా పట్టినవాడికి చెప్పొచ్చిందండీ అనుకునేవాణ్ణి. తర్వాత్తర్వాత ఆ వంకల కోసమే ఫొటోలు తీసేవాణ్ణి. ఆమె రాని రోజున స్టూడియో తలుపు తెరవబుద్ధయ్యేది కాదు. ప్రేమ అనొచ్చా దాన్ని? అనొచ్చు. ఇన్నేళ్ళకి అంటున్నాను. అప్పుడు అనడానికి దమ్ము లేదు. ఆమెకి నేను గురువుగారిని. ఆ 'గారు' దాటి ఒక్క మాట అనలేకపోయాను.

ఆమెకి ఒకటే కోరిక, సొంతంగా ఫొటోలు తియ్యాలని. మా వైపు పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు గదిలోకి మగ ఫొటోగ్రాఫర్ని పిలవడానికి చాలా ఇళ్ళల్లో మొహమాటపడతారు. ఆడవాళ్ళెవరైనా ఉంటే బాగుండునండీ అని నన్నే అడిగేవారు. అంటే పని ఉంది. ఆమెకి కన్నూ ఉంది. లేనిది కెమెరా ఒక్కటే. కొత్తది కొనే తాహతు లేదు.

ఓ వేసవిలో కబురు తెచ్చింది. తాటిపాకలో గ్యాస్ పనిలో ఉన్న ఒకాయన బదిలీ మీద వెళ్ళిపోతూ తన కెమెరా అమ్మేస్తున్నాడట. మీరొచ్చి చూడండి, మీరు బాగుందంటే కొంటాను, లేదంటే లేదు, అంది. అంత నమ్మకం ఎవరి మీదా పెట్టకూడదు. నా మీద అసలు పెట్టకూడదు.

వెళ్ళాం. ఆయన భార్య కాఫీ ఇచ్చింది, పనసతొనలు పెట్టింది. కెమెరా చూస్తే దీనంగా ఉంది. చేత్తో పట్టుకునే చోట రబ్బరు మన చెమ్మగాలికి జిగురెక్కి, అంచు లేచిపోయింది. మూలల్లో రంగు పోయింది. వేణి మొహం చిన్నబోయింది. అయితే పాత కెమెరాని పైపైన చూసి తేల్చరు. లోపల షట్టరని ఒక పల్చటి తెర ఉంటుంది. ఫొటో తీసిన ప్రతిసారీ అది లేచి పడుతుంది. బండికి తిరిగిన కిలోమీటర్లలాగా, అది ఎన్నిసార్లు పడిందో లెక్క కెమెరాలోనే ఉంటుంది, తీసిన ఫొటోతో పాటు బయటికొస్తుంది. పెళ్ళిళ్ళలో అరగదీసినదైతే, ఏ రోజో సరిగ్గా ముహూర్తం వేళకి ఆగి కూర్చుంటుంది. నేను ముందు ఫ్లాష్ తగిలించే చోటు చూశాను. పెళ్ళిళ్ళలో తిరిగినదైతే ఫ్లాష్ పెట్టీ తీసీ అక్కడ గీతలు పడిపోతాయి. దీనికి రంగు చెక్కుచెదరలేదు. పెళ్ళి మొహం చూసిన కెమెరా కాదది. తెల్లగోడని ఒక ఫొటో తీశాను, మచ్చ పడలేదు. ఆ ఫొటోని నా లాప్‌టాప్‌లో వేసి లెక్క చూశాను. దాని ఆయుష్షులో పదో వంతు కూడా ఖర్చు కాలేదు. పిల్ల పుట్టినరోజులకి తప్ప తియ్యలేదనీ, బండి పెట్టెలో పడేసి తిప్పడం వల్ల పైన అలా అయిందనీ ఆయన సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. అమ్మేవాళ్ళందరూ చెప్పేదే. ఆయన విషయంలో ప్రతి మాటా నిజం.

వేణి నా మొహంలోకే చూస్తోంది. ఇది ఆమె చేతికొచ్చిన మర్నాటి నుంచి నా పక్క కుర్చీ ఖాళీ. అదొక్కటే తోచింది నాకు. లాప్‌టాప్ మూసేశాను.

మా మర్యాదలు మీకు తెలిసే ఉంటాయి. ఒకరింట్లో కూర్చుని, వాళ్ళ కాఫీ తాగి, వాళ్ళ వస్తువు బాగాలేదని మొహమ్మీద అనం. కబురు చేస్తామండీ అని లేస్తాం. ఆయ్, అలాగేనండీ అని వాళ్ళు గుమ్మం దాకా వస్తారు. అసలు మాట రోడ్డెక్కాకే. ఆ మర్యాద ఆ రోజు నాకు కలిసొచ్చింది. ఆయన ఎదుట అనుంటే, లెక్క చూపించండి అనడూ?

తాటిపాక సెంటర్లో బస్సు కోసం నిలబడి అన్నాను.

"షట్టర్ ఆఖరికొచ్చేసిందమ్మా వేణీ. చూశావుగా ఆ రబ్బరు, ఎంత వాడేరో."

రబ్బరు ఊసు ఎందుకెత్తాను? ఆమె కళ్ళకి కనిపించింది అదే కాబట్టి. ఎంత తెలివో చూడండి.

"మీరొచ్చేరు కాబట్టి సరిపోయిందండీ, లేకపోతే మునిగిపోదును," అంది.

బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అమలాపురం దాకా ఇటు తిరగలేదు. ఏడ్చిందా? చూడలేదు. చూసుంటే చెప్పేసేవాణ్ణా? ఈ ప్రశ్న వేసుకోని రోజు లేదు. చెప్పేవాణ్ణి కాదనే అనుకుంటాను.

ఇంతటితో ఆగినా బాగుండేది. వారం తిరక్కుండా ఆ కెమెరా నేనే కొన్నాను, ఒక స్నేహితుణ్ణి పంపించి. ఇంకెవరి చేతికైనా వెళ్తే, అది బ్రహ్మాండంగా పనిచేస్తోందని ఎప్పుడో ఆమె చెవిన పడుతుందని భయం. అంతేనా? అంతే అని రాద్దామనుకున్నాను గానీ, మీ దగ్గర కూడా దాచడమెందుకు. మంచి సరుకు, వదులుకోబుద్ధి కాలేదు. రబ్బరు మార్పించాను, ఆమె పోల్చకుండా మూలలకి రంగు వేయించాను, మెడలో వేసుకున్నాను. ఛ, ఏం మనిషిని నేను.

అబద్ధం ఆమెని నా దగ్గర ఆపిందా అంటే అదీ లేదు. ఇంకో కెమెరా మాట ఎత్తలేదు. ఫొటోలకి వంకలు పెట్టడం మానేసింది. ఇచ్చినవి ఇచ్చినట్టు ఆల్బమ్‌లో పేర్చేది. కొన్నాళ్ళకి కాట్రేనికోనలో మేనమామగారు రొయ్యల మేత కొట్టు పెడితే, అక్కడ కూర్చోవడానికి వెళ్ళిపోయింది. ఆ కుర్చీలోకి తర్వాత ఎవరెవరో వచ్చారు. ఇప్పటికీ ఒక ఫొటో బాగా కుదిరితే పక్కకి తిరుగుతాను, ఏమంటుందోనని.

మొన్నీమధ్య కాట్రేనికోన వైపు ఒక పెళ్ళికి వెళ్ళాను. పందిట్లో ఎవరో గురువుగారూ అని పిలిచారు. వెనక్కి తిరగకముందే తెలిసిపోయింది. జుట్టులో అక్కడక్కడ తెలుపు. నవ్వు అదే. మావయ్యగారు పోయాక కొట్టు తనే చూసుకుంటోందట. నా మెడలోని కెమెరా కేసి చూసింది.

"ఒక్కటి తియ్యనా అండీ?"

ఇచ్చాను. కన్ను ఆనించి, నన్నే తీసింది. కెమెరాని తిప్పి చూసుకుంది, చంటిపిల్లని చూసినట్టు.

"ఎంత కుదురుగా ఉందండీ చేతిలో. ఇలాంటిదొకటి అప్పుడు దొరికుంటేనా," అంది.

నిష్ఠూరం లేదు ఆ మాటలో. ఇది అదే వేణీ, అప్పుడూ బాగానే ఉంది, అనడానికి ఎంతసేపు పడుతుంది? పెళ్ళికూతుర్ని తీసుకొస్తున్నారని లోపల్నించి కేకేశారు. మీకు పనుంది వెళ్ళండి అని కెమెరా నా చేతిలో పెట్టేసింది.

క్షమించమని అడగడం లేదు. మిమ్మల్ని అడిగితే ఏం లాభం, ఆమెని అడిగే మొహం లేదు. చెప్పాను, అంతే. కొంచెం ఊపిరాడుతోంది.

ఆమె తీసిన ఫొటో నా దగ్గరుంది. నన్ను ఎవరూ అంత బాగా తియ్యలేదు. అందులో నేను ఆమెకేసే చూస్తున్నాను. ఇన్నేళ్ళూ చెప్పని ప్రేమంతా మొహంలో కనిపిస్తోంది, ఆమెకీ కనిపించే ఉంటుంది. నేను చేసిన పని మాత్రం అందులో ఎంత వెతికినా కనిపించదు. అందుకే రాయాల్సొచ్చింది.