సోమందేపల్లె బండి

మా వెంచర్ పేరులో ఒక తోట, ఒక నది, ఒక నగరం మూడూ ఉన్నాయి. ఆ పేరు ఇక్కడ రాయను, రాస్తే మీరు కూడా వచ్చి ఒక ప్లాటు కొనే ప్రమాదముంది. అనంతపురం చివర హైవే దిగగానే వస్తుంది. తోట అంటే గేటు దగ్గర కుండీల్లో ఉన్న నాలుగు మొక్కలు, అవి ట్యాంకర్ నీళ్ళతో ప్రాణం నిలుపుకుంటున్నాయి. నగరం అంటే కరెంటు స్తంభాలు. నది సంగతి మాత్రం నాకు తెలియదు. నేను పుట్టి పెరిగింది ఆ నేల మీదే గానీ, నాకెన్నడూ కనబడలేదు.

నాది జేసీబీ పని. నేల చదును చేస్తాను, పునాదులు తవ్వుతాను. బ్రోచరులో ఆ వెంచరంతా ఒకే రకం ఎర్రటి నేల. ఆ ఎరుపు మేము పూసిందే. గుట్ట తవ్వి టిప్పర్లతో గరుసు మన్ను తెచ్చి, పెళ్ళిచూపులకు ముందు పౌడరు కొట్టినట్టు, అడుగు మందాన పరిచాం. ఆ పౌడరు కింద మొహం నాకు తెలుసు. మొదటి వీధి నిజంగానే ఎర్రమన్ను, బకెట్ దించితే చెప్పినమాట వింటుంది. రెండో వీధిలో రెండడుగులకే బండ తగులుతుంది. బ్రేకర్ పెట్టి కొడితే మూడు రోజులకు ఒక గుంత పడుతుంది, ఆ మూడు రోజులూ చుట్టుపక్కల చంటిపిల్లలెవరూ నిద్రపోరు. మూడో వీధి నల్లరేగడి. ఎండాకాలం పగుళ్ళలో చెయ్యి పడుతుంది, వానాకాలం నా బండే పడుతుంది. నాలుగో వీధిలో తెల్లటి సుద్ద, చూడటానికి ముచ్చటగా ఉంటుంది, తడిస్తే సబ్బు. కొనేవాళ్ళు ఇవేవీ అడగరు. తూర్పు ఫేసింగా, ఉత్తరం ఫేసింగా అని మాత్రం ఒకటికి పదిసార్లు అడుగుతారు. నేల ముఖం ఎటుందో అందరికీ కావాలి, కడుపులో ఏముందో ఎవరికీ అక్కర్లేదు.

మూడో వీధి చివరి ప్లాటు కడుపులో మా బావి ఉంది.

ఆ చుట్టుపక్కల నాలుగెకరాలు ఒకప్పుడు మావి. శెనక్కాయ వేసి, ఆకాశం వంక చూసి, శెనక్కాయతో పాటు మేమూ ఎండేవాళ్ళం. బావి మా నాయన తవ్వింది. పెళ్ళికి ముందు మొదలుపెట్టి నేను పుట్టాక పూర్తి చేశాడట. లోపల దిగడానికి మెట్లు, చుట్టూ గట్టు, ప్రతి రాయీ ఆయనే ఉలితో చెక్కి పేర్చాడు. చుట్టూ బోర్లు దిగాక బావి ఎండిపోయింది, ఆ తర్వాత బోర్లూ ఎండిపోయాయి. ఇక చేసేదేమీ లేక నేల అమ్మేశాం. వచ్చిన దుడ్లతో నేను జేసీబీ కొన్నాను. నేలను అమ్మి నేలను తవ్వే బండి కొన్నానన్నమాట. ఇంత తెలివైనవాడు మా వంశంలో ఇంకొకడు పుట్టలేదు.

వెంచర్ ఓనరు ఒకరోజు మ్యాపు చూపించి, "ఆ బావిగూడా పూడ్చెయ్యప్పా. మ్యాపులో అది లేదు" అన్నాడు. మ్యాపులో లేనిది నేల మీద ఉండటం ఆయనకు నచ్చలేదు. నేను కాకపోతే ఇంకొకడు పూడుస్తాడు కదా అనుకున్నాను. ఈ లోకంలో జరిగే పనికిమాలిన పనులన్నీ ఆ ఒక్క మాట అనుకున్నాకే జరుగుతాయి. నాయన బెళుగుప్పలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళిన రోజు చూసుకుని పని మొదలుపెట్టాను. గట్టు రాళ్ళు, మోటారు షెడ్డు రేకులు, కంపచెట్లు, ఒక చింతమొద్దు అన్నీ లోపలికి తోసి, పైన మన్ను నింపి గరుసు పరిచాను. సాయంత్రానికి నేల కడిగిన పళ్ళెంలా చదునైపోయింది.

నాయన ఊరి నుంచి రాగానే తువ్వాలు భుజాన వేసుకుని అటే వెళ్ళాడు. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి అడిగాడు.

"బావి యాడరా?"

"పూడ్చేసినారు నాయనా."

"ఎవరు?"

"సోమందేపల్లె నుంచి ఒక బండి వచ్చిందంట. నేను ఆ పొద్దు గుంతకల్లులో పనిమీద ఉండా."

సోమందేపల్లె పేరే ఎందుకొచ్చిందో నాకు తెలియదు. నాయన నడిచి పోలేనంత దూరం ఉందనిపించి ఉంటుంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో భోజనానికి ముందు ఒక తంతు మొదలైంది. నాయన సంగటి ముద్ద చేతిలోకి తీసుకుని, "ఆ సోమందేపల్లోని చేతులు పడిపోను" అని, అప్పుడు నోట్లో పెట్టుకునేవాడు. రెండు పూటలా, ఒక్క పూట తప్పకుండా. సంగతి తెలిసిన నా భార్య ఆ మాట వినబడగానే నా పళ్ళెంలో ఇంకో గరిటె పప్పు వేసేది, శాపానికి విరుగుడులా. ఒకసారి పెళ్ళిలో ఎవరో సోమందేపల్లె నుంచి వచ్చారని తెలిసి, నాయన అతని పక్కనే ఆకు వేయించుకున్నాడు. "మీ ఊర్లో పసుప్పచ్చ బండి తోలేవాడు ఒకడు ఉండాడంట, ఎరుగుదువా?" అని అడిగాడు. "అట్లాంటోళ్ళు పదిమంది ఉండారు పెద్దాయనా" అన్నాడు అతను. "అయితే పదిమందికీ చెప్పు" అని నాయన తన శాపం ఒప్పజెప్పాడు. నా బండి హైడ్రాలిక్ పైపు పగిలినప్పుడల్లా, శాపం సోమందేపల్లె దాకా పోలేక దారిలోనే దిగిపోయిందని నవ్వుకునేవాణ్ణి. నవ్వుకున్నాను గానీ, నిజం చెప్పే ధైర్యం మాత్రం ఒక్క పూట కూడా రాలేదు.

నాలుగేళ్ళ తర్వాత మూడో వీధి చివరి ప్లాటులో పునాది తవ్వడానికి నన్ను పిలిచారు. కొన్నాయన రైల్వేలో గార్డుగా చేసి గుంతకల్లులో రిటైరైన మనిషి. ఒక కుర్చీ, ఒక గొడుగు, ఒక ఫ్లాస్కు తెచ్చుకుని ప్లాటు పక్కన స్టేషను పెట్టాడు. మేస్త్రీ ముగ్గుపిండితో ఇల్లంతా నేల మీద గీశాడు. వాస్తు చెప్పేవాడు ముందే వచ్చి, నైరుతి మూల ఎంత బరువుంటే ఇంటికి అంత మేలని చెప్పి వెళ్ళాడట. అందుకని మెట్లు, పైన నీళ్ళ ట్యాంకు, కింద పెద్ద పడకగది, అన్నీ నైరుతికే చేర్చారు. ఆ నైరుతి ఎక్కడో మీకు అర్థమయ్యే ఉంటుంది. వెంచరంతటిలో అడుగున గట్టి నేల లేని చోటు ఒక్కటే ఉంది, శాస్త్రం సరిగ్గా దాన్నే వెతికి పట్టుకుంది.

గార్డుగారి భార్య ఆ ముగ్గు ఇంట్లోకి వచ్చింది. గీతలు దాటలేదు. మేస్త్రీ వాకిలికని వదిలిన సందులోంచే లోపలికి అడుగుపెట్టి, హాల్లోంచి నడిచి, పడకగది సందులోంచి తిరిగి మా బావి మీద నిలబడింది. "మంచం ఈడ ఏసుకుందాము. గాలి బాగ వస్తాది" అంది.

చెబితే ఆ ఇల్లు దక్కుతుంది. కానీ అక్కడ పనిచేసేవాళ్ళంతా మా ఊరివాళ్ళే, పొద్దు గూకేలోగా మాట నాయన చెవిన పడుతుంది. చెప్పకపోతే నాయన దగ్గర నేను దక్కుతాను, ఆ ఇల్లు ఏదో ఒక వానకు కుంగుతుంది. నేను మహా ధైర్యవంతుణ్ణి కనుక ముందు మిగతా గుంతలన్నీ తవ్వాను. ఐదడుగుల రేగడి దాటాక గట్టి నేల తగిలింది. ఇక నైరుతి తప్ప ఏదీ మిగల్లేదు.

మొదటి బకెట్‌లో గరుసు వచ్చింది. రెండోదాంట్లో రేకు ముక్క. మూడోదాంట్లో కుళ్ళిన కంప.

మేస్త్రీ తొంగిచూశాడు. "నింపిన మన్ను మాదిరి ఉండాదే. ఏం కాదులేన్నా, ఇంకో రెండడుగులు తీసి కాంక్రీటు ఏస్తే సరిపోతాది."

గార్డుగారు కుర్చీలోంచే చెయ్యెత్తి, కానివ్వమని ఊపాడు. నాలుగో బకెట్‌లో ఒక రాయి వచ్చింది. ఒక పక్క నున్నగా, మూడు పక్కల ఉలి దెబ్బలతో. మా బావి మెట్టు రాయి. చిన్నప్పుడు బావి నిండిన ఏడాది దాని మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళాడించాను. ఇంజను ఆపి కిందికి దిగాను.

"సార్, ఈడ బావి ఉండాది. చానా లోతు."

"నీకెట్లా తెలుసప్పా?"

"నేనే పూడ్చినా."

ఆయన గొడుగు ముడిచి కుర్చీలోంచి లేచాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. చివరికి, "ముప్పై ఐదేండ్లు పచ్చజెండా ఊపినా. ఇప్పుడు నా ఇంటికే తప్పు జెండా ఊపినానే" అని, "నువ్వే పూడ్చినావు, నువ్వే తియ్యి" అన్నాడు. వాస్తు చెప్పేవాడు మళ్ళీ వచ్చి, నైరుతిలో గొయ్యి ఉంటే యజమానికి ప్రాణగండమన్నాడు. "మొన్న దాని మీదే బరువంతా పెట్టమన్నావు కదప్పా?" అని గార్డుగారు అతన్ని పంపించేశాడు. ఒక గది తగ్గించి ఇంటిని తూర్పుకు జరిపారు. బావిని ఖాళీ చేసి, మిద్దె మీది వాననీళ్ళు అందులోకి వదలాలనుకున్నారు.

రెండో రోజు నాయన వచ్చాడు. బావి బయటపడుతోందని మాత్రమే ఎవరో చెప్పినట్టున్నారు. మొహం వెలిగిపోతోంది. తీసి పక్కన వేసిన రాళ్ళ మధ్య కూర్చుని, ఒక్కొక్కటీ తుడిచి చూస్తూ, ఏది ఎక్కడిదో గార్డుగారికి చెప్పసాగాడు. ఒక రాయి ఒళ్ళో పెట్టుకుని, "ఇంత పని ఒక్క పొద్దులో చెరిపినాడు సార్ ఆ సోమందేపల్లోడు. వాని చేతులు పడిపోను" అన్నాడు.

గార్డుగారు నా వైపు చూశాడు. ఇంజను ఆపాను.

"నాయనా, సోమందేపల్లె నుంచి ఎవరూ రాలేదు. నేనే."

నాయన నన్ను చూడలేదు. నా బండిని చూశాడు, ఆ బకెట్ పళ్ళను చూశాడు.

"పూడ్చేముందు టెంకాయన్నా కొట్టినావా?"

"లేదు నాయనా."

ఒళ్ళో రాయిని మెల్లగా కింద పెట్టి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో సంగటి, శెనక్కాయ చట్నీ. నా భార్య గరిటె పట్టుకుని సిద్ధంగా ఉంది. నాయన ముద్ద తీసుకున్నాడు. నేను అలవాటుగా తల వంచుకున్నాను. ఆయన నమిలాడు, నీళ్ళు తాగాడు, రెండో ముద్ద తీసుకున్నాడు. విరుగుడుతో పని లేక నా భార్య గరిటెను గిన్నెలో పెట్టేసింది.

ఇప్పుడు గార్డుగారి ఇల్లు లేచింది. మొన్నటి వానకు బావి అడుగున మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి, దాంతో వెంచర్ ఓనరు మ్యాపులో బావి కూడా చేర్చి నీళ్ళున్న ప్రాంతమని చెప్పుకుంటున్నాడు. నాయన రోజూ పొద్దున్నే పోయి ఆ బావి ఒడ్డున కాసేపు కూర్చుని వస్తాడు. నాతో మామూలుగానే మాట్లాడతాడు. భోజనం దగ్గర మాత్రం శాపం మళ్ళీ రాలేదు. ఒక పూట ఉండబట్టలేక అడిగేశాను.

"తిట్టేదుంటే తిట్టు నాయనా. మనసులో పెట్టుకోవద్దు."

"ఎట్ల తిట్టేదిరా?" అన్నాడు తలెత్తకుండా. "ఆ చేతులు నీవి కదరా."

అని ముద్ద చట్నీలో అద్దుకున్నాడు.