తట్టి చూసే ఆవులప్ప

బంగారు గనిలో మా పక్కింటి ఆవులప్ప పని, పైకప్పు తట్టి చూడడం. కూలీలు లోపలికి పోకముందే ఇనుప కమ్మీతో పైరాయిని కొట్టేవాడు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా పలికితే సున్నంతో ఇంటూ గుర్తు పెట్టేవాడు, ఇక దాని కిందికి ఎవరూ పోకూడదు. ఇరవై ఆరేళ్ళలో ఆయన మంచిదన్న రాయి ఒక్కటీ రాలలేదు.

గని మూతపడ్డాక ఆ కమ్మీ మా వీధిలోకి వచ్చింది. మా రోడ్డంతా గుంతలు, లారీలు. నడవాలంటే మురుగుకాలువ మీది బండలే గతి. తెల్లారి మారికుప్పం రైలెక్కి బెంగళూరు పనులకు పోయే ఆడవాళ్ళందరికీ అదే దారి. ఏ బండ ఎప్పుడు విరుగుతుందో తెలియదు. కాళ్ళరిగేలా తిరిగి మున్సిపాలిటీకి అర్జీలిస్తే, అక్కడి దొర ఒకడు వచ్చి జీపు దిగకుండానే బాగుందని రాసుకుపోయాడు. జీపులో కూర్చున్నవాడికి ఏ వీధైనా బాగానే ఉంటుంది మరి! అందుకే ఆదివారం ఆదివారం ఆవులప్పే బండలన్నీ తట్టేవాడు. ఇంటూ లేని బండ మీద మేం కళ్ళు మూసుకుని కాలు వేసేవాళ్ళం.

ఒక సోమవారం పొద్దున అలాంటి బండే, రైలుకు పోతున్న చిన్నవెంకటమ్మ కాలికింద విరిగింది. మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది. ఆమె పనికి పోకుంటే పొయ్యి వెలగని ఇల్లది.

ఆ సాయంత్రమే ఆవులప్ప, నేను చూడబోయాం. ఆయన మంచం దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు.

"నిన్ననే తట్టినానమ్మా. ఖంగుమనింది."

"పోనీలేప్పా, నువ్వేమి జేస్తావు" అంది ఆమె. నాలుగు తిట్టినా బాగుండేది.

బయటికి వచ్చి పక్క బండను కొట్టాడు. "యెట్లుండాది?" అని నన్నడిగాడు. పగిలిన కుండలా పలికిందది. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి డొల్లని చెప్పాను. ఆయన కమ్మీ దించేశాడు.

"నాకు కొట్టకముందే ఖంగుమంటాండాది. పొద్దస్తమానం చెవిలో అదే మోత."

డ్రిల్లు మిషన్ల పక్కన బతికిన చెవులవి. ఆయనతో కేకలేసి మాట్లాడుతూనే ఆయన చెవులను నమ్ముకున్నాం. ఇంతమందిలో ఒక్కరికీ ఆ సంగతి తోచలేదు, సిగ్గుచేటు.

మర్నాడు తెల్లారేసరికి సున్నం డబ్బా పట్టుకుని, తట్టకుండానే వరసగా అన్ని బండల మీదా ఇంటూలు పెడుతున్నాడు.

"అన్నీ చెడిపోయినాయాప్పా? యాడ నడవాల మేము?" రైలుకు పోయే మునిలక్ష్మమ్మ అరిచింది.

ఆయనకు వినబడలేదు. ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని లారీల మధ్యకు దిగారు. మేం ఏ దారిన నడుస్తున్నామో చూసిన మనిషి ఆయనొక్కడే. ఇక చూసేవాళ్ళెవరూ లేరని నాకు ఏడుపొచ్చింది.