ఎడమవైపు ఖాళీ

వసంతం వస్తే ఈ దేశపు గుట్టల మీద గోర్స్ పొదలు పసుపుపచ్చగా విరగబూస్తాయి. ఒళ్లంతా ముళ్లే, వాసన మాత్రం అచ్చంగా పచ్చికొబ్బరి. మొన్న ఆదివారం క్యారిగలైన్ ఊరు దాటి సముద్రం వైపు నడుస్తుంటే గాలి మళ్లి ఆ వాసన గుప్పున తగిలింది. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆ వాసన వస్తే నాకు రాజ్యలక్ష్మి గారు గుర్తొస్తారు. మెడలో బరువైన కెమెరా, నుదుటి మీదికి తోసిన కళ్లజోడు, నా వైపు కాకుండా నా పక్కనున్న ఖాళీ జాగా వైపు అనుమానంగా చూస్తున్న ఆవిడ ముఖం.

ఆవిడ కార్క్ నగరం దగ్గరి రింగాస్కిడీ రేవులో ఒక మందుల ఫ్యాక్టరీలో నాణ్యత విభాగానికి పెద్ద. సొంతూరు కాకినాడ. నేను హనుమకొండ నుంచి ఎమ్మెస్‌కు వచ్చి, చదువవగానే ఆవిడ కింద ఉద్యోగంలో చేరాను. తన సంతకాన్ని కూడా తనే అనుమానిస్తుందని ఆవిడ గురించి ఫ్యాక్టరీలో అనుకునేవాళ్లు. చేరిన కొత్తలో ఒకరోజు శీతల గది ఎలా ఉందని అడిగితే, షిఫ్టు వాళ్లు చెప్పిన మాటే నేనూ అప్పజెప్పాను, అంతా గ్రాండ్ అని. బాగుందనడానికి ఇక్కడివాళ్లకు అది ఊతపదం. ఇల్లు కాలిపోతున్నా గ్రాండే అంటారు. అప్పటిదాకా ఇంగ్లీషులో మాట్లాడుతున్న ఆవిడ తెలుగులోకి దిగారు.

“నువ్వు చూసి చెబుతున్నావా అమ్మాయ్, ఎవరో అన్నారని చెబుతున్నావా?”

వెళ్లి చూసొచ్చాను. ఉష్ణోగ్రత గీత స్కేలు పెట్టి గీసినట్టు ఉందని సంతోషంగా చెప్పాను. ఆవిడ ముఖం ఇంకా ముడుచుకుంది. రోజంతా తెరిచి మూసే తలుపున్న గదిలో గీత అంత తిన్నగా ఎలా ఉంటుందన్నారు. విప్పి చూస్తే లోపలి సెన్సర్ పనిచేయడం మానేసి చాలాసేపయింది. లోపం కనబడని చోటే ఎక్కువ చూడాలని ఆరోజు మొదటిసారి తెలిసింది.

తర్వాత కరోనా వచ్చింది. ఇంటి నుంచి అయిదు కిలోమీటర్లు దాటకూడదన్న రోజుల్లో నాకు ఆ పరిధిలో ఉన్న తెలుగు మనిషి ఆవిడ ఒక్కరే. సాయంత్రాలు దూరం దూరంగా నడుస్తూ మాట్లాడుకునేవాళ్లం. ఆవిడ ఒంటరిగా ఉండేవారు. ఓడరేవు పక్షులకు ఫొటోలు తీయడం ఆవిడ కాలక్షేపం.

అప్పటికి నాకు పెళ్లి కుదిరింది. అబ్బాయి నరేశ్‌ది కరీంనగర్, ఉద్యోగం లెటర్‌కెన్నీలో. నేను ఈ దేశానికి దక్షిణపు కొసన, అతను ఉత్తరపు కొసన. పెద్దవాళ్లు కుదిర్చిన సంబంధమే అయినా, కరోనాకు ముందు రెండుసార్లు కార్క్ వచ్చి నన్ను కలిశాడు. నెమ్మదైన మనిషి, నవ్వు కళ్లతో మొదలయ్యేది. నాకు నచ్చాడు. మా పెద్దలు అక్కడ తాంబూలాలు మార్చుకుంటే మేమిద్దరం ఇక్కడ ఫోన్లలో చూశాం. విమానాలు లేక ముహూర్తం వాయిదా పడుతూ వచ్చింది.

అలా ఉండగా ఒకరోజు నరేశ్ వాళ్లమ్మ ఫోన్ చేసింది. శుభలేఖకు కావాలి, పెళ్లికూతురి ముస్తాబులో నీ ఒక్కదాని ఫొటోలు ముందే తీయించుకో అంది. నాకు ముచ్చటేసింది. బ్యూటీ పార్లర్లు, స్టూడియోలు మూతబడి ఉన్నాయి. రాజ్యలక్ష్మి గారిని అడిగితే, నేను కొంగల్ని తీస్తానుగానీ పెళ్లికూతుళ్లను ఎప్పుడు తీశానంటూనే ఒప్పుకున్నారు. అమ్మ పంపిన గద్వాల పట్టుచీర బయటికి తీశాం. గాలికి పైట నిలవదని ఎన్ని పిన్నులు కావాలో ఆలోచించాం. మల్లెలు దొరకవు గనక జడకు ఏం పెట్టాలని వాదించుకున్నాం. అయిదు కిలోమీటర్ల లోపల, సముద్రం కనబడే గుట్ట ఒకటి చూసుకున్నాం.

మేమిద్దరం ఆ గుట్ట మీద నిలబడి వెలుతురు చూసుకుంటున్నప్పుడు నరేశ్ ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాను. నన్ను మధ్యలో కాకుండా నా కుడి చేతివైపుకు జరిగి నిలబడమన్నాడు. తల కొంచెం ఎడమకు వంచాలట, ఎడమ చేయి ఒంటికి ఆనించకూడదట, ఆ వైపు ఏ చెట్టూ పుట్టా లేకుండా ఖాళీ వదలాలట. అక్కడ శుభలేఖ అక్షరాలు వస్తాయన్నాడు. ఫోన్ పెట్టేశాక రాజ్యలక్ష్మి గారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, నా పక్కనున్న ఖాళీ వైపు చూశారు.

“అక్షరాల కోసం తల వంచడమెందుకు?” అన్నారు. “ఇది ఒక్కదాని ఫొటో కాదు సుష్మా. పక్కన ఒక మనిషికి చోటు వదిలిన ఫొటో. ఆ మనిషి ఇదే దేశంలో ఉన్నాడు. వచ్చి నిలబడడేం?”

దార్లు మూసేశారు కదా అన్నాను. డిసెంబరులో కొన్నాళ్లు తెరిచారు కదా అన్నారు ఆవిడ. అప్పుడు తన గదిలో ఉండేవాళ్లెవరికో జ్వరమని నరేశ్ రాలేదు. నేను నమ్మాను. ఆరోజు గుట్ట దిగుతుంటే ఆ నమ్మకం పట్టు తప్పడం మొదలైంది. కొన్ని నెలలుగా అతను వీడియోలో కనబడింది తక్కువ. కనబడ్డా మసక వెలుతురు, మెడ దాకా దుప్పటి. నెట్ బాగాలేదనేవాడు. మాట మధ్యలో ఆగిపోయేవాడు, గదిలో ఎవరో వింటున్నట్టు. ఇంకెవరైనా ఉన్నారా? ముందే పెళ్లయిందా? అసలు లెటర్‌కెన్నీలోనే ఉన్నాడా? వంట చేస్తున్నా, కంప్యూటర్ ముందు కూర్చున్నా అవే ప్రశ్నలు. ఫోన్లో అడిగితే, అట్లేం లేదు, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నవ్ అన్నాడు. అమ్మతో అంటే ఆ మేడమ్ నీ బుర్ర పాడుచేస్తోందంది. ఒకరోజు నాకు ఆవిడ మీదే అనుమానం వచ్చింది. ఒంటరి మనిషి, ఇంకొకరి పెళ్లి చూసి ఓర్వలేకపోతోందేమోనని. ఆ మాట ఆవిడతోనే అనేశాను. ఆవిడ నొచ్చుకోలేదు. అదీ అనుమానించాల్సిందేనన్నారు.

ఏప్రిల్లో ఫొటోలు తీశారు. పసుపు పూల పొదల ముందు, గాలికి చీర ఎగిరిపోతుంటే, చెప్పిన చోట చెప్పినట్టే నిలబడ్డాను. ఎడమ చేతి పక్కన చలిగాలి తప్ప ఏమీ లేదు. చాలా తీశాక ఆవిడ కెమెరా దించారు.

“వాళ్లు అడిగినవి అయిపోయాయి. ఇప్పుడు నీకోసం ఒకటి తీస్తాను. మధ్యలోకి రా.”

మేలో ఇక్కడి జిల్లాల్లాంటి కౌంటీల మధ్య దారులు తెరిచారు. ఆ వారాంతంలోనే బయల్దేరదామని ఆవిడే అన్నారు. కిటికీలు దించుకుని, మాస్కులు పెట్టుకుని దేశం ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లాం. నరేశ్‌కు చెప్పలేదు. దారంతా నేను ఎవరో ఒక స్త్రీ తలుపు తీస్తుందనే ఊహించుకున్నాను. చెప్పాల్సిన మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఇల్లు రాగానే రాజ్యలక్ష్మి గారు కార్లోనే ఉండిపోయారు.

తలుపు తీసింది నరేశే. వెంటనే పోల్చుకోలేకపోయాను. బుగ్గలు లోపలికి పోయాయి, జుట్టు పలచబడింది, చొక్కా వేరే ఎవరిదో తొడుక్కున్నట్టుంది. గుమ్మం నుంచి కుర్చీదాకా నడవడానికి గోడ పట్టుకున్నాడు. వెనకటి ఏడు చలికాలం మొదట్లో కరోనా వచ్చి ఆసుపత్రిలో చాలాకాలం ఉన్నాడట. ఇంకా ఊపిరి తిరిగి రాలేదట. శుభలేఖలో నా ఎడమవైపు ఖాళీలో అతని పాత ఫొటో అతికించాలని వాళ్లమ్మ ఆలోచన.

“నాకెందుకు చెప్పలే నరేశ్?”

“అమ్మ వద్దన్నది,” అన్నాడు. సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటీ ఇక్కడ పనికిరాదు. లేచి వెళ్లిపోదామనిపించింది. వెళ్లలేదు. గదిలో అతని ఊపిరి చప్పుడు వినబడుతోంది. చాలాసేపటికి అతనే మళ్లీ నోరు విప్పాడు. “అమ్మ మీదికి నెట్టుడు కూడ అబద్ధమే. ఇట్ల చూస్తే నువ్వు వద్దంటవని నాకే భయమైంది.”

జబ్బు మీద నాకు కోపం రాలేదు. అన్ని నెలలు నన్ను చీకట్లో ఉంచినందుకు వచ్చింది. ఆ మాట చెప్పాను. ఇప్పుడే ఏమీ తేల్చలేననీ, నాకు తెలిసిపోయిందని వాళ్లమ్మకు అతనే చెప్పాలనీ అన్నాను. నేను అక్కడుండగానే ఫోన్ చేసి చెప్పాడు.

తిరుగుదారిలో రాజ్యలక్ష్మి గారు అంతా విన్నారు. “నేనైతే ఒప్పుకోను,” అన్నారు. కొంత దూరం పోయాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, నేనెప్పుడూ అడగని తన కాపురం సంగతి ఎత్తారు. “నా అనుమానం అప్పుడూ నిజమేనమ్మా. కానీ నేను అడిగేదాన్ని, జవాబు వినకుండా లేచిపోయేదాన్ని. నువ్వు కూర్చున్నావు. కనక నా మాట పట్టుకోకు.”

ఆ తర్వాత వారం వారం లెటర్‌కెన్నీ వెళ్లాను. అతను దాచకుండా చెప్పడం నేర్చుకున్నాడు, నేను తొందరపడకుండా వినడం నేర్చుకున్నాను. మరుసటి ఏడు హనుమకొండలో మా పెళ్లయింది. రాజ్యలక్ష్మి గారు వచ్చి, చివరి వరసలో కూర్చుని, అందర్నీ అనుమానంగా చూశారు. ఇప్పుడు ఉద్యోగం మానేసి కాకినాడలో ఉంటున్నారు. ఫోన్ చేసినప్పుడల్లా అతని ఆరోగ్యం అడుగుతారు. నేను చెప్పింది వెంటనే నమ్మరు.

నరేశ్‌కు ఇప్పటికీ కొన్ని రోజులు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఎట్లున్నదంటే బాగనే ఉన్న అంటాడు. నాలో అనుమానం లేస్తుంది. అది ఆవిడ నాకిచ్చిన చూపు, ఇక పోదు. మళ్లీ అడుగుతాను. అడిగేసి పనిలోకి వెళ్లిపోను. పక్కనే కూర్చుంటాను, మాట బయటికి వచ్చేదాకా.